కత్తి గాటా, కుక్క పన్నా? మేక బొక్కలతో పోలిక నమూనాల ప్రాజెక్టు డైరీ

తవ్వకంలో దొరికిన ఎముక ముక్కను ముందేసుకుని, దాని మీది గీత కత్తిదా పంటిదా అని తేల్చుకోవాల్సిన వాళ్ళ కోసం ఈ డైరీ. అచ్చులో దొరికే ఫొటోలు ఎక్కువగా ఆఫ్రికా హైనాలవి, సింహాలవి. నల్లగొండ, పాలమూరు వైపు ఎముకలను పాడుచేసేవి వేరు: ఊరకుక్క, నక్క, ఏదుపంది, పందికొక్కు, ఒకప్పుడైతే తోడేలు, దుమ్ములగొండి కూడా. ఇక్కడి జంతువులు కొరికాయని తెలిసిన ఎముకలు చేతిలో ఉంటేనే పక్కన పెట్టి పోల్చుకోగలం. ఆ సెట్టు తయారుచేసే పని ఇది.

చోట్లు రెండు. దేవరకొండ వైపు ఊరి చివర ఎర్ర చెల్క ఒకటి, మక్తల్ వైపు నల్లరేగడి చేను ఒకటి. రెండూ పట్టా భూములే, ఆసాములను అడిగి తీసుకున్నవే.

మొదలుపెట్టకముందే ఖాయం చేసుకున్నవి

1. పాత దిబ్బలు, రాకాసి గుళ్ళు (పాతకాలపు రాతి సమాధులు), నిలువురాళ్ళు ఉన్న జాగాల్లో ఒక్క బొక్క కూడా పెట్టకూడదు. రక్షిత స్థలమైతే ప్రాచీన కట్టడాల 1958 చట్టం అడ్డం వస్తుంది. కాకపోయినా, ఈరోజు పెట్టిన మేక బొక్క రేపు తవ్వేవాళ్ళ సంచిలోకి వెళ్తుంది.
2. అడవి హద్దుల్లో పెట్టకూడదు. అమ్రాబాద్ వైపు బొక్కలు పరిస్తే చిరుతకు ఎర వేసినట్టే.
3. ఏదుపంది ముళ్ళు, నక్క పుర్రె లాంటివి కనిపించినా ముట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. ఫొటో చాలు.
4. కుక్క మింగితే కడుపులో గుచ్చుకునేదేదీ ఎముకకు తగిలించకూడదు.
5. మేకవే వాడాలి. గొర్రెవి, మేకవి కలిస్తే తర్వాత కొలతల్లో తికమక.

దశ 1: బొక్కలు తేవడం

అన్నిటికంటే తేలిక అనుకున్న పనే ఎక్కువ సతాయించింది. మటన్ దుకాణంలో ఎముక మొద్దు మీద కత్తి దెబ్బ తినకుండా బయటికి రాదు. నల్లి బొక్కనైతే మూలుగ కనబడేలా అడ్డంగా కొట్టే ఇస్తారు. కాళ్ళు, తలకాయ కాల్చి అమ్ముతారు. మంట తగిలిన ఎముక మీద సన్నటి పగుళ్ళు వస్తాయి, వాసన మారుతుంది, కుక్క కొరికే తీరూ మారుతుంది. అందుకే ముందురోజే చెప్పుకోవాలి: "అన్నా, కాళ్ళు కాల్చకు. తొడలు, జబ్బలు కొట్టకుండ గట్లనే ఇయ్యి." తలకాయలు పచ్చివి దొరకలేదు, దవడలను ప్రాజెక్టులోంచి తీసేశాం.

రెండో చిక్కు వయసు. దుకాణానికి వచ్చేవి ఎక్కువగా లేత జీవాలు. మేకలో హ్యూమరస్, అంటే ముందుకాలి పై ఎముక, కింది కొస ఏడాది లోపే అతుక్కుపోతుంది. అదే ఎముక పై కొస అతకడానికి మూడేళ్ళు దాటాలి. రేడియస్ (ముందుకాలి కింది ఎముక) కింది కొస, ఫీమర్ (తొడ ఎముక) కింది కొస, టిబియా (వెనకకాలిలో మోకాలి కింది ఎముక) పై కొస కూడా ఆలస్యంగా అతికేవే. అతకని కొస మెత్తటి జల్లెడలాంటి ఎముక, లోపలంతా కొవ్వు. కుక్క ముందు దాని మీదికే పోతుంది. కాబట్టి వయసు తెలియని బొక్కతో చేసిన ప్రయోగం లెక్కకు రాదు. కోయకముందు పళ్ళు చూసి రాసుకోవాలి: పాల పళ్ళా, రెండు పళ్ళా, నాలుగా, ఆరా, నిండు పళ్ళా.

ఒక మేకకు ఒక కుప్ప. కుప్పలో ఉండేవి:

- కాలి పొడుగు ఎముకలు 12: హ్యూమరస్, రేడియస్, ఫీమర్, టిబియా రెండేసి, గిట్టకు పైన ఉండే మెటాపోడియల్స్ నాలుగు
- పక్కటెముకలు 8
- వెన్నుపూసలు 6
- జబ్బ రెక్క ఎముకలు 2
- మడమ ఎముకలు 2

మొత్తం 30. పెట్టేముందు ప్రతి పొడుగు ఎముకకూ నాలుగు వైపులా ఫొటో తప్పనిసరి. కసాయి కత్తి గాటు ముందే ఉందో లేదో ఆ ఫొటోలోనే తెలియాలి. తర్వాత వాదించుకుంటే తేలదు.

దశ 2: నంబరు వేయడం

ఏ ఎముక ఎక్కడికి పోయిందో తెలియాలంటే నంబరు ఉండాలి. మూడు పద్ధతులు పక్కకు పోయాయి.

- అల్యూమినియం బిళ్ళ, సన్న తీగ: కుక్క మింగుతుంది. ఖాయం చేసుకున్న నాలుగో మాటకే విరుద్ధం.
- అంచున రంపంతో చిన్న నొక్కులు: లెన్సు కింద కత్తి గాటులా కనబడతాయి. మనం వెతికే జాడనే మనం గీసినట్టు.
- 2 మి.మీ. రంధ్రం: ఎముక అక్కడి నుంచే చీలుతుంది. చీలిక అంచు పంటితో పగిలినట్టే ఉంటుంది.

నిలబడింది ఇది: ఎముక నడిమి భాగాన్ని స్పిరిటుతో తుడిచి, ఇండియన్ ఇంకుతో అంకె రాసి ఆరనివ్వడం. కుక్కలు నాకితే సగం చెరుగుతుంది, సగం మిగులుతుంది. చెరిగినదానికి సహజమైన గుర్తు ఒకటుంది. ప్రతి పొడుగు ఎముక నడిమిలో నెత్తురు నాళం దూరే సన్న రంధ్రం ఉంటుంది. దాని చోటు, వాలు ఒక్కో ఎముకలో కొద్దిగా తేడా. పెట్టేముందు తీసిన ఫొటోలో ఆ రంధ్రం స్పష్టంగా పడితే, కొసలు రెండూ పోయిన గొట్టాన్ని కూడా ఏ ఎముకో పోల్చి పట్టుకోవచ్చు.

దశ 3: కుప్ప 1, లేత మేక, పచ్చి బొక్కలు, ఎర్ర చెల్క

రోహిణి కార్తె ఎండలు. 5 మీటర్ల చదరం, నాలుగు మూలలా మేకులు, సుతిలి తాడుతో మీటరు గళ్ళు. ఎముకలను విడివిడిగా ఒకే చోట కుప్ప పోశాం. తెల్లారేసరికి చదరంలో మిగిలినవి 7.

మిగతావి వెతకడానికి 10, 25, 50 మీటర్ల వలయాలు గీసుకుని, రెండేసి మీటర్ల ఎడంతో నడిచాం. ఇంకో 6 దొరికాయి. ఒక్కటి కూడా విడిగా పడిలేదు, అన్నీ గుంపులుగానే ఉన్నాయి: తుమ్మచెట్టు కింద కుక్కలు పడుకునే దుమ్ములో, కల్వర్టు తూములో, గడ్డివాము వెనక. ఒకే చోట తిండి ఉంటే కుక్కలు కొట్లాడుకుంటాయి. ఓడినదీ గెలిచినదీ చెరో బొక్క నోటకరుచుకుని ఎవరి జాగాకు అవి పోతాయి. దీన్ని తవ్వకానికి అన్వయించి చూడండి. తిన్న చోట ఏమీ ఉండదు, కుక్కలు పడుకున్న చోట 'చెత్తదిబ్బ' తయారవుతుంది. ఇంటి గోడకు ఎంత దూరంలో బొక్కలు పడ్డాయన్నదాన్ని బట్టి వంటచోటు ఎక్కడో చెప్పేవాళ్ళు ఒకసారి ఆగాలి.

పోకుండా ఉండాలని రెండు ఎముకలను తీగతో ఇనుప చువ్వకు కట్టి చూశాం. కట్టిన కొసను కుక్క వదిలేసి, అవతలి కొసనే పూర్తిగా నమిలింది. తీగ రాసుకుని నడిమిన మెరిసే గాడి పడింది. ఆ రెండూ కుప్పలోవి కావు, లెక్కలో కలపలేదు. తీగ కట్టడం నాలుగో మాటకూ విరుద్ధమే. కట్టడం మానేశాం.

దొరికిన 13: హ్యూమరస్ 2, రేడియస్ 2, మెటాపోడియల్స్ 3, టిబియా 2, ఫీమర్ 1, రెక్క ఎముక 1, పక్కటెముకలు 2. వెన్నుపూస ఒక్కటీ లేదు, మడమ ఎముక ఒక్కటీ లేదు.

ఇప్పటిదాకా: పెట్టినవి 30, దొరికినవి 13, పంటి జాడలున్నవి 11

దశ 4: కెమెరా

ఎవరు కొరికారో చూడని ఎముక పోలికకు పనికిరాదు. కదలిక పట్టే కెమెరా పెట్టాం. దానితో వచ్చిన ఇబ్బందులు, వాటికి చేసిన మార్పులు:

1. కెమెరా వేడి తేడాను బట్టి పనిచేస్తుంది. ఎండాకాలం సాయంత్రం బండలు, నేల, కుక్క ఒళ్ళు ఇంచుమించు ఒకే వేడి మీద ఉంటాయి. చీకటి పడ్డాక బాగానే పట్టింది, సంధ్యవేళ కుక్క ముందు నిలబడ్డా పట్టలేదు. అందుకే బొక్కలు పెట్టే వేళను రాత్రికి జరిపాం.
2. బండకు ఎదురుగా పెడితే వేడిగాలికే ఖాళీ ఫొటోలు వచ్చిపడ్డాయి. వెనక మట్టిగట్టు ఉండేలా తిప్పాం.
3. మీటరు దూరంలో పెడితే రాత్రి ఫ్లాషుకు ఎముక తెల్లటి మచ్చయింది. 3 మీటర్లకు జరిపితే కుదిరింది.
4. ఎత్తు 45 సెం.మీ. మనిషి నడుమెత్తున పెడితే కుక్క వీపే కనబడుతుంది, ఏ పక్క పళ్ళతో కొరుకుతోందో తెలియదు.
5. ముఖం ఉత్తరానికి. తూర్పు పడమరలకు పెడితే పొద్దుటెండ, సాయంత్రపు ఎండ లెన్సులో పడతాయి.
6. ముందున్న గడ్డి కోయాలి. ఒక్క పోచ గాలికి ఊగినా కార్డు నిండిపోతుంది.

వీడియోలో ఒకటి బాగా కనబడింది. కుక్క హ్యూమరస్‌ను ముందుకాళ్ళ మధ్య నిలువుగా పట్టుకుని, తల పక్కకు వంచి, దవడ వెనక పళ్ళతో పై కొసను చెక్కుతుంది. ముందుపళ్ళు మాంసం పీకడానికే. కింది కొసను రెండుమూడుసార్లు తిప్పి చూసి వదిలేసింది.

దశ 5: కుప్ప 2, నిండు పళ్ళ మేక, పచ్చి బొక్కలు

మార్పులు రెండు. కాళ్ళను కీళ్ళు విడదీయకుండా నరాలతోనే ఉంచాం. ఒకే కుప్పకు బదులు ఎనిమిదేసి మీటర్ల దూరంలో నాలుగు చిన్న కుప్పలు పెట్టాం, కొట్లాట తగ్గితే మోసుకుపోవడం తగ్గుతుందని. తగ్గింది కూడా. రోజూ పొద్దున ఏరి, ఫొటో తీసి, మళ్ళీ అదే చోట పెట్టాం. అలా చేయడంతో ముందు ఏది పోతుందో వరుస తెలిసింది: మొదట వెన్నుపూసలు, పక్కటెముకల కొసలు, తర్వాత హ్యూమరస్ పై కొస, ఫీమర్ రెండు కొసలు, ఆ తర్వాత టిబియా పై కొస. మెటాపోడియల్ జోలికి చివరగా పోతాయి. దాని మీద మాంసం లేదు, గోడ మందం.

దొరికిన 19: హ్యూమరస్ 2, రేడియస్ 2, మెటాపోడియల్స్ 4, టిబియా 2, ఫీమర్ 2, రెక్క ఎముకలు 2, మడమ ఎముక 1, పక్కటెముకలు 3, వెన్నుపూస 1.

ఇప్పటిదాకా: పెట్టినవి 60, దొరికినవి 32, పంటి జాడలున్నవి 28

రెండు కుప్పల్లోనూ కలిపి నాలుగు హ్యూమరస్‌లు దొరికాయి. వాటిలో కింది కొస నిలిచినవి 3, పై కొస నిలిచినవి సున్నా. నాలుగింటితో శాతాలు కట్టకండి. కానీ దిక్కు ఎటో తెలుస్తుంది. 1960లలో నమీబియాలోని కుయిసెబ్ నది పల్లెల్లో ఎముకల పరిశోధకుడు సి. కె. బ్రెయిన్, కుక్కలు నమిలి వదిలేసిన మేక ఎముకలను ఏరి లెక్కపెడితే హ్యూమరస్ కింది కొసలు 82 ఉన్నాయి, పై కొస ఒక్కటీ లేదు. అంతకుముందు మానవ శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ దక్షిణాఫ్రికా గుహల్లో కొన్ని ఎముకలు ఎక్కువగా, కొన్ని తక్కువగా ఉండటం చూసి, ఆదిమానవులు ఆయుధాలకు పనికొచ్చేవి ఏరుకున్నారని వాదించాడు. ఏరింది మనుషులు కానక్కర్లేదు, గట్టి కొస మిగిలింది, మెత్తటి కొస జంతువుల కడుపులోకి పోయిందని బ్రెయిన్ లెక్క తేల్చింది.

మన దగ్గర ఇదే పొరపాటుకు దారి ఉంది. సమాధిలోనో, బూడిద దిబ్బ (కొత్తరాతియుగంలో పశువుల పేడ కాలి పేరుకున్న దిబ్బ) పక్కనో కాళ్ళ కింది భాగపు ఎముకలు, పళ్ళు మాత్రమే దొరికితే 'తొడలు వేరే చోటికి పంపారు', 'కాళ్ళు తలకాయే నైవేద్యం పెట్టారు' అని రాయడం చాలా తేలిక. అలా రాసేముందు కుక్కలు తిని వదిలిన జాబితాను పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకేలా ఉంటే నైవేద్యం కథకు ఇంకో ఆధారం కావాలి.

దశ 6: శుభ్రం చేయడం, కొలవడం

మొదట పాడైన పద్ధతులు:

- ప్రెషర్ కుక్కర్: కొసలు సుద్దముక్కల్లా మెత్తబడ్డాయి. వెర్నియర్ దవడలు ఆనించినా గీత పడింది.
- బట్టల సోడాతో మరగబెట్టడం: పైపొర తెల్లగా పొడి రాలింది. సన్న గీతలు దానితోనే పోయాయి.
- బ్లీచింగ్: చూడ్డానికి బాగుంటుంది, నెల గడిచాక పెచ్చులూడుతుంది.
- ఇనుప పీచు, చాకు: కొత్త గీతలు పడతాయి. చెప్పనక్కర్లేదు.

నిలబడిన పద్ధతి:

1. మూతున్న ప్లాస్టిక్ బకెట్టులో మామూలు నీళ్ళు, ఎముకలు మునిగేదాకా. నీడలో, ఇళ్ళకు దూరంగా. వాసన మామూలుగా ఉండదు.
2. వారానికోసారి సగం నీళ్ళే మార్చాలి. మొత్తం పారబోస్తే మాంసాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు కూడా పోయి పని మళ్ళీ మొదటికొస్తుంది. ఎండాకాలం రెండుమూడు వారాల్లో మాంసం విడిపోతుంది, చలికాలం ఇంకా ఎక్కువ.
3. కొవ్వు వదలడానికి గోరువెచ్చటి నీళ్ళలో బట్టల పొడి. పొయ్యి మీద పెట్టొద్దు.
4. మెత్తటి పాత టూత్‌బ్రష్, సందుల్లో వెదురు పుల్ల.
5. నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పొడుగునా పగులుతుంది, ఆ పగుళ్ళను తర్వాత వాతావరణం ఖాతాలో రాస్తారు.

చూసే విధానం: చీకటి గదిలో ఒక్క దీపం, పక్క నుంచి వాలుగా. చేతిలో 10 రెట్ల లెన్సు. దీపాన్ని కదపకుండా ఎముకనే తిప్పాలి. పైనుంచి ట్యూబులైటు పడితే లోతు తక్కువున్న గీతల్లో సగం కంటికే ఆనవు. ఒకే ఎముకను ఇద్దరు విడివిడిగా చూసి, రాసుకున్నాకే కాగితాలు కలిపి చూసుకోవాలి.

ఏవి వెతకాలంటే:

- గుంట: పన్ను నొక్కి వదిలింది. గుండ్రం లేదా కోడిగుడ్డు ఆకారం, అడుగున ఎముక నలిగి ఉంటుంది.
- బెజ్జం: మెత్తటి కొసలో పన్ను లోపలికి దిగింది. అంచు పెంకు లోపలికి కుంగి ఉంటుంది.
- గీత: పన్ను జారింది. అడుగు గుండ్రంగా, ఎముక పొడుగుకు అడ్డంగా ఎక్కువ.
- తొలుపు: కొసలోని మెత్తటి ఎముకను గరిటెతో తీసినట్టు గోకేసింది. మిగిలిన అంచు వంకరటింకరగా, నున్నగా ఉంటుంది.

కత్తి గాటు అడుగు సన్నగా కోసుగా ఉంటుంది, లోపల నిలువునా వెంట్రుకల్లాంటి సన్న గీతలుంటాయి. ఇదొక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. చెల్క నేలలో పలుగురాతి ఇసుక ఉంటుంది. మందలు నడిచే దారిలో ఎముకలు పెట్టి చూస్తే డెక్కల కింద ఆ ఇసుక రాసుకుని కోసు అడుగున్న గీతలే పడ్డాయి. తేడా దిక్కులో, చోటులో ఉంది. తొక్కుడు గీతలు లోతు లేకుండా, నానా దిక్కులకూ, ఎముక ఉబ్బెత్తు మీద గుంపుగా పడతాయి. కత్తి గాటు కీలు దగ్గర, కండ అతికే చోట, పక్కపక్కనే ఒకే వాలులో ఉంటుంది.

కొలత: మొదట వెర్నియర్‌తో గుంట పొడుగు, వెడల్పు నేరుగా తీశాం. ఒకే గుంటకు ఇద్దరి అంకెల మధ్య 0.3 మి.మీ. తేడా. రెండు మి.మీ. గుంటలో అంత తేడా వస్తే కొలిచినా ఒకటే, మానినా ఒకటే. వెర్నియర్ మొన మందం, గుంట అంచును అదే కప్పేస్తుంది. ఫొటోకు మారాం. స్కేలు గుంట ఉన్న మట్టంలోనే ఉండాలి. బల్ల మీద పెడితే ఎముక ఎత్తు వల్ల కొలత తప్పుతుంది. అగ్గిపెట్టెలు పేర్చి స్కేలును ఆ ఎత్తుకు లేపి, కెమెరా నిటారుగా పెట్టి, ఇమేజ్‌జె అనే ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే తేడా 0.1కి దిగింది.

గట్టి నడిమి భాగంలోని గుంటలనూ, మెత్తటి కొసల్లోని వాటినీ ఒకే పట్టికలో కలపకండి. అదే కుక్క, అదే పన్ను, కొసలో దాదాపు రెట్టింపు గుంట చేసింది. ఇంకొకటి: పెద్ద గుంట కనబడితే చిన్న జంతువు కాదని చెప్పొచ్చు. చిన్న గుంట కనబడితే పెద్ద జంతువు కాదని చెప్పలేం, అది మెల్లగా కొరికి ఉండొచ్చు. కుక్క, నక్క, తోడేలు కొలతలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ఒక్క గుంట కొలిచి 'ఇది తోడేలు' అని రాసిన రిపోర్టును నమ్మే పనే లేదు.

అచ్చు తీయడం: పళ్ళ డాక్టర్లకు సామాను అమ్మే దుకాణంలో సిలికాన్ పుట్టీ దొరుకుతుంది. ముందు పల్చటిది పూసి, దాని మీద ముద్ద నొక్కాలి. మొదటి అచ్చులు గట్టిపడకుండా జిగటగా ఉండిపోయాయి. కారణం లేటెక్స్ తొడుగులు, వాటిలోని గంధకం సిలికాన్‌ను గట్టిపడనివ్వదు. నైట్రైల్ తొడుగులకు మారితే సరిపోయింది.

దశ 7: ముందు రాయి, తర్వాత కుక్క

నిండు పళ్ళ మేక పొడుగు ఎముకలు 12 మాత్రమే. వీటిని ముందే రాతితో పగలగొట్టి మూలుగ తీసి, తర్వాత కుక్కలకు వదిలాం. తినేసిన మనుషులు పారేసినదాన్ని కుక్కలు పట్టడం అన్నమాట. పల్లెలో జరిగేది ఎక్కువగా ఇదే.

1. ఎముక మీది పొరను గీకేయాలి. గీకకపోతే అది మెత్తలా పనిచేసి దెబ్బను మింగేస్తుంది.
2. కింద గట్టి బండ, చేతిలో అరచేతికి పట్టే నల్లరాయి.
3. నడిమిలో ఒకే చోట దెబ్బలు. చీలగానే తిప్పి అవతలి వైపు ఇంకోటి.
4. ముక్కలన్నీ గోనె మీద పడేలా చూసుకోవాలి. మొదట నేల మీద కొడితే సన్న పెంకులు మట్టిలో కలిసిపోయాయి.

2 సెం.మీ. పైబడిన ముక్కలు 71 వచ్చాయి. రాయి తగిలిన చోట అంచున వెడల్పైన, లోతు తక్కువ నొక్కు పడుతుంది. పంటితో విరిగితే నొక్కు ఇరుగ్గా, అర్ధచంద్రంలా ఉంటుంది. కుక్కలు ఈ కుప్పలో కొసలనే తిన్నాయి. మూలుగ లేని నడిమి ముక్కలను వాసన చూసి వదిలేశాయి. కాబట్టి నడిమి ముక్కల మీద పంటి జాడలు తక్కువగా, రాతి దెబ్బలు ఎక్కువగా ఉంటే, కుక్క కంటే ముందు మనిషి చేయి పడిందనుకోవచ్చు. నడిమి ముక్కల మీదే గుంటలు నిండుగా ఉంటే ముందు వచ్చింది జంతువు.

ముక్కలను మళ్ళీ జోడించి చూస్తే 12 ఎముకల్లో 10కి కనీసం ఒక ముక్క నిలిచింది. ఆ పదింటినీ పట్టించింది నడిమి ముక్కలే. కొసలను మాత్రమే లెక్కపెడితే 4 ఎముకలే తేలేవి. ఈ ప్రాజెక్టు మొత్తంలో తవ్వకం చేసేవాళ్ళ చెవిన వేయాల్సింది ఏదైనా ఉంటే అది ఇదే. 'ఏ ఎముకో తెలియని ముక్కలు' అని ఒక సంచిలో పోసి పక్కకు నెట్టే పెంకుల్లోనే తొడలున్నాయి.

జల్లెడ గురించి. ఇసుక జల్లెడలో వేలెడంత పెంకులు కూడా పొడుగున జారిపోయాయి. పిండి జల్లెడ నిమిషంలో మూసుకుపోయింది. గోధుమ జల్లెడ, ఇంచుమించు 2 మి.మీ. కన్ను, చెల్క మట్టికి సరిపోయింది. నల్లరేగడి గడ్డలను మాత్రం పొడిగా జల్లించలేం. రాత్రంతా బకెట్టులో నానబెట్టి, పొద్దున నీళ్ళు పోస్తూ జల్లించాలి. చేత్తో గడ్డలు చిదిమితే ఎముకే విరిగి కొత్త అంచులు వస్తాయి.

ఇప్పటిదాకా: పెట్టినవి 72, దొరికినవి 42, పంటి జాడలున్నవి 33

దశ 8: ఎండిన బొక్కలు, ఏదుపంది

పచ్చి బొక్కలు పెట్టినంతకాలం ఏదుపంది రాలేదు. దానికి మాంసంతో పనిలేదు. ఎప్పుడూ పెరిగే ముందుపళ్ళను అరగదీసుకోవడానికి, సున్నం కోసం కొరుకుతుంది. కొవ్వు పోయి ఎండిన ఎముకే దానికి ఇష్టం. ఎలుకలు, పందికొక్కులు ఇందుకు భిన్నం, కొవ్వున్న కొసలను కూడా వదలవు. డాబా మీద ఎండాకాలమంతా ఎండిన 20 ఎముకలను గుట్ట కింద, బండల సందులో బొరియ ఉన్న చోటికి కాస్త ఎడంగా పెట్టాం.

దొరికినవి 16. జాడలున్నవి 9: పళ్ళ గాడులు 7, కుక్క గుంటలు 2. మిగతా నాలుగూ బొరియలోకి పోయాయని కెమెరాలో ఉంది. బొరియ తవ్వలేదు, తవ్వకూడదు.

ఏదుపంది గాడి చూస్తే మరిచిపోలేం. అడుగు చదును, రెండేసి పక్కపక్కనే, మధ్యలో సన్నటి గట్టు, వడ్రంగి ఉలితో చెక్కినట్టు అంచు పొడుగునా వరస. ఒక్కో గాడి వెడల్పు 3 మి.మీ. పైనే. ఊళ్ళో పందికొక్కు చేసినవి 2 మి.మీ. లోపే ఉన్నాయి. కొరికిన వైపు తెల్లగా, మిగతా ఎముక బూడిద రంగులో ఉంది. తవ్వకపు ఎముకలో ఇదే చూడాలి. గాడి లోపల కూడా పాత రంగే ఉంటే కొరికింది పాతకాలంలో, పూడకముందు. తెల్లగా ఉంటే ఈమధ్యే. ఎండకు పగిలిన పొరను గాడి కోసుకుంటూ పోయిందా, గాడి మీదుగా పగుళ్ళు సాగాయా అన్నది కూడా ముందువెనకలు చెబుతుంది. పగుళ్ళ దశలకు 1978లో పరిశోధకురాలు బెరెన్స్‌మేయర్ ఇచ్చిన 0 నుంచి 5 వరస చాలు. కాకపోతే ఆ వరస కెన్యాలోని అంబోసెలిది. మన ఎండకు ఏ దశ ఎన్నాళ్ళకు వస్తుందో ఆ పట్టిక చూసి రాయకండి.

రాకాసి గుళ్ళ గదులకు ఇది నేరుగా వర్తిస్తుంది. పై బండ పగిలిన రాతిగది ఏదుపందికి, నక్కకు సిద్ధంగా ఉన్న ఇల్లు. లోపల దొరికిన మేక ఎముకలన్నీ చనిపోయినవాళ్ళకు పెట్టినవే అనుకుంటే, ఏదుపంది ఊరి చుట్టూ ఏరి తెచ్చుకున్నవి కూడా ఆ లెక్కలోకి వస్తాయి. గదిలో బూడిద రంగు ఎండు ఎముకల మీద జంట గాడులు ఎక్కువుంటే ముందు జంతువునే అనుమానించాలి.

1957లో పురాతత్వవేత్త ఆల్చిన్ తవ్విన, ఒకప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరు లాంటి బూడిద దిబ్బల్లో ఇంకో సంగతి చూడాలి. పూర్తిగా కాలి తెల్లబడ్డ ఎముకలో కొవ్వు ఉండదు, కుక్క పట్టించుకోదు. కాబట్టి కాలిన ముక్కలు ఎక్కువగా మిగలడాన్ని బట్టి అందరూ కాల్చుకునే తిన్నారనుకోలేం. కాలనివి జంతువులు మోసుకుపోయి ఉండొచ్చు.

మొత్తం: పెట్టినవి 92, దొరికినవి 58, పంటి జాడలున్నవి 42

దశ 9: నల్లరేగడి పగుళ్ళు

ఇది జంతువుల పని కాదు, కానీ అవి వదిలిన చిన్న ఎముకలు తర్వాత ఎటు పోతాయో చూడటానికి చేసిన కొసరు పరీక్ష. పై లెక్కలో లేదు. మక్తల్ వైపు చేనులో నెర్రెలు విచ్చిన నేల మీద గిట్ట ఎముకలు పరిచాం. మందలు నడిచాయి, మిరుగం వానలు పడ్డాయి, నెర్రెలు మూసుకున్నాయి. తవ్వితే ఒక గిట్ట ఎముక 34 సెం.మీ. లోతున నిలువుగా ఇరుక్కుని ఉంది. పైన ఏ గుంత జాడా లేదు, మట్టి రంగులో తేడా లేదు. నల్లరేగడిలో ఒంటరి చిన్న ఎముకను బట్టి పొర వయసు కట్టడం ప్రమాదం. నిలువుగా దొరికితే మరీ. తవ్వేటప్పుడు ఎముక వాలును కూడా కోణమానినితో కొలిచి రాసుకుంటే ఇది పట్టుబడుతుంది.

దశ 10: దాచడం

1. ఒక్కో ఎముకకు ఒక్కో జిప్ సంచి, సూదితో నాలుగు గాలి రంధ్రాలు. గాలాడకపోతే బూజు.
2. చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి. రాసేది పెన్సిలుతో.
3. చీటీలో ఉండాల్సినవి: కుప్ప, ఎముక, పక్క, మేక పళ్ళు, కొరికిన జంతువు, కెమెరా ఫైలు నంబరు. జంతువు కెమెరాలో పడకపోతే 'చూడలేదు' అని రాయాలి, ఊహ రాయొద్దు.
4. అట్టపెట్టె వద్దు, ఇనుప ట్రంకుపెట్టె. అట్టపెట్టెలో పెట్టిన కొన్ని ముక్కలను ఎలుకలు కొరికాయి. ఫొటోలు ఉన్నాయి కాబట్టి ఏది కొత్త జాడో తేలింది, వాటికి 'గోదాము ఎలుక' అని విడిగా చీటీ రాసి అదే పెట్టెలో వేశాం.